పాట మధ్యలో నా శభాష్

ఇప్పుడంటే కెనడాలో, ఈ మిల్టన్ ఊళ్ళో వారానికోసారి నడుము నొప్పికి ఫిజియోథెరపీకి వెళ్ళి, నాకంటే పదేళ్ళు చిన్నదైన అమ్మాయి "కాస్త వదులుగా కూర్చోండి" అంటే బుద్ధిగా నేర్చుకుంటున్నాను గాని, ఆ రోజుల్లో నా వెన్ను వంగితే మా వంశం మొత్తం వంగిపోయినట్టే లెక్క. కుర్చీకి వీపు ఆనించడం మా ఇంట్లో తప్పు. సోఫాలో కూరుకుపోవడం అంతకన్నా పెద్ద తప్పు (మాకు సోఫా లేదు కనక ఆ తప్పు ఎవరూ చేయలేకపోయారు). మా ముత్తాతల నాటికి ఒక చిన్న దివాణం, ఒక ముసలి ఏనుగు, కచేరీలు జరిగే పెద్ద హాలు ఉండేవట. నేను పుట్టేనాటికి అవన్నీ పోయి, విశాఖపట్నంలో ఒక టైర్ల కొట్టు మీద రెండు గదుల అద్దె వాటా మిగిలింది. ఆ వాటాలో మా తాతగారు చెక్క కుర్చీ అంచున నిటారుగా కూర్చుని, నన్ను ఎదురుగా స్టూలు మీద అంతే నిటారుగా కూర్చోబెట్టి, రేడియోలో కచేరీ వినేవారు. కింద టైర్లకు గాలి కొట్టే మిషను రొద. ఆ రొదలో కూడా, విద్వాంసుడు ముక్తాయింపు వేసి ఆపగానే, తాతగారు రేడియో వైపు చెయ్యి చాపి "శభాష్!" అని గట్టిగా అనేవారు. "రేడియోకి వినపడదు కదా తాతగారూ" అన్నాను ఒకసారి. "వినపడుతుందా లేదా అన్నది వాడి సంగతి. అనడం మన సంగతి. పాట విని నోరు మెదపకుండా కూర్చోవడమంటే, ఒకరింట్లో భోజనం చేసి బాగుందని చెప్పకుండా లేచిపోవడమే" అన్నారు. ఆ తర్వాత నాకు తర్ఫీదు మొదలైంది. ముక్తాయింపు పడాలి, నా నోట శభాష్ పడాలి. ఆలస్యమైతే ఆయన కనుబొమలు కలిసేవి. పదేళ్ళు వచ్చేసరికి లెక్కల పుస్తకం చూసుకుంటూ కూడా సరైన చోట శభాష్ అనేయగలిగేవాణ్ణి. అది విద్య అనుకున్నాను. నోటికి పట్టిన అలవాటని తెలియడానికి కెనడా రావాల్సి వచ్చింది.

పన్నెండేళ్ళ కిందట, కెనడా పడమటి తీరాన బర్నబీలో చదువుకునేటప్పుడు, నేనూ కరీంనగర్ నుంచి వచ్చిన ఒక రూమ్మేటూ ఒక ఇంటి బేస్‌మెంట్‌లో అద్దెకుండేవాళ్ళం. ఇంటి వాళ్ళు పైన ఉండేవారు కనక వాళ్ళు మాకు పై అంకుల్, పై ఆంటీ. అంకుల్ సిటీ బస్సు నడిపి రిటైరైన మనిషి. అరవై దాటినా జుట్టుకు నల్ల రంగు వేసి, నూనె పెట్టి, నుదుటి మీద కెరటంలా లేపి దువ్వేవాడు. జీన్స్ ప్యాంటు అంచులు నాలుగు వేళ్ళ మేర పైకి మడిచేవాడు. ఆంటీ పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో పనిచేసేది. శనాదివారాలొస్తే చుక్కల గౌను వేసుకుని, తలకు ఎర్ర రిబ్బను కట్టేది. మొదటివారం మేము వాళ్ళది ఏదో మతమనుకున్నాం. తర్వాత తెలిసింది, సంగీతమని. ఎప్పుడో వాళ్ళు పుట్టకముందు అమెరికా పల్లెల్లో పాడుకున్న పాటకు పరుగు నేర్పితే అది హిల్‌బిల్లీ బూగీ అట, ఆ పరుగుకు కాలరెగరేయడం నేర్పితే రాకబిల్లీ అట. అవి పాడినవాళ్ళంతా ఎప్పుడో పోయారు. ఆ పద్ధతిలోనే కొత్త పాటలు కట్టి, ఆ పద్ధతిలోనే రికార్డు చేసి, చిన్న నల్ల రికార్డులుగా అచ్చొత్తించి, యూరప్‌లో ఆ పిచ్చి ఉన్నవాళ్ళకు పోస్టులో పంపడం ఈ దంపతుల పని. పోయిన వైభవాన్ని పట్టుకుని వేలాడే మనుషులు మా తాతగారొక్కరే కాదని తెలిసి నాకు చాలా ధైర్యం వచ్చింది. పైగా వీళ్ళు వేలాడుతూ నవ్వేవారు కూడా. అది మా ఇంట్లో లేని విద్య.

రికార్డింగ్ వాళ్ళ గరాజ్‌లోనే. గోడలకు పాత దుప్పట్లు, మధ్యలో పైనుంచి వేలాడే ఒకే ఒక్క మైకు, మూల చక్రాలు తిరిగే పాత టేపు యంత్రం. కంప్యూటర్ అన్న మాట అంటే అంకుల్ చెవులు మూసుకునేవాడు. నేల మీద సుద్దముక్కతో గుర్తులుండేవి. ఆంటీ మైకు ముందు, గిటార్ ఆయన (లిఫ్టులు బాగుచేసే మనిషి) రెండడుగులు వెనక, మనిషంత ఎత్తున్న ఫిడేలు లాంటి డబుల్ బేస్‌తో అంకుల్ గోడ దగ్గర. డోలు లేదు. అంకుల్ తీగల్ని లాగి చెక్క మీద చరిస్తే అదే డోలు. గిటార్ ఆయన వంతు వచ్చినప్పుడు ఆంటీ పక్కకు జరిగేది, ఆయన ముందుకొచ్చి వాయించి మళ్ళీ తన గీత మీదికి పోయేవాడు. శబ్దంలో హెచ్చుతగ్గులన్నీ కాళ్ళతోనే. అందరూ ఒకేసారి, ఒకే ఊపులో. ఎవరు తప్పినా మళ్ళీ మొదటినుంచి.

ఆ గరాజ్ గోడకు ఇవతల, నాలుగు మెట్లు కిందే మా వంటిల్లు. మేము దిగిన నెలలోనే ఒక పాట అద్భుతంగా వచ్చి, చివరి స్వరం ఇంకా మోగుతుండగా, మా పప్పు కుక్కర్ మూడు కూతలు కూసింది. అంకుల్ మెట్లు దిగి వచ్చాడు. "నా బేస్‌మెంట్‌లో రైలు స్టేషన్ ఎప్పుడు తెరిచారు?" అన్నాడు (అన్నది ఇంగ్లీషులోనే, నాకు గుర్తుండిపోయింది మాత్రం తెలుగులో). "ఆ పాట రైలు గురించైతే ఉంచేసేవాణ్ణి. అది విడాకుల గురించి." ఆ రోజు మాకూ వాళ్ళకూ ఒక ఒప్పందం కుదిరింది. మెట్ల కమ్మీకి ఎర్ర మేజోడు వేలాడదీస్తే పైన రికార్డింగ్ జరుగుతున్నట్టు. కింద కుక్కర్ లేదు, కుళాయి లేదు, బాత్రూమ్‌లో నీళ్ళు వదలడం లేదు. ఆ నిశ్శబ్దానికి కావలిగా నన్ను నేనే నియమించుకున్నాను. అధికారం లేక మూడు తరాలుగా మా వంశం పడుతున్న బాధ నాకొక్కడికి తీరింది. ఎర్ర మేజోడు కనబడితే చాలు, వంటింటి గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడేవాణ్ణి. "దొరా, నీళ్ళు తాగొచ్చా, గుటక సప్పుడు గూడ పడ్తదా?" అనేవాడు మా కరీంనగర్ వాడు. "చిన్న గుటకలు వెయ్" అనేవాణ్ణి, నవ్వకుండా.

రెండో ఏడు వసంతంలో ఆంటీ గొంతులో ఏదో గడ్డ ఉందని తేలింది. సోమవారం ఆపరేషన్. గొంతు మళ్ళీ వస్తుందో రాదో చెప్పలేమన్నారు డాక్టర్లు. మాట రావచ్చు, పాట మాత్రం అనుమానమే అని అంకుల్ మాతో చెప్పి, చెత్తడబ్బా మూత రెండుసార్లు తీసి రెండుసార్లు వేశాడు. రికార్డుకు రెండు పక్కలుంటాయి. ఒక పక్క పాట అప్పటికే అయిపోయింది. రెండో పక్కకు ఆంటీ తనే రాసుకున్న పాట మిగిలింది. అది లేకపోతే రికార్డూ లేదు. శనివారం మధ్యాహ్నం పాడదామనుకున్నారు. మూడు నాలుగుసార్లకు మించి గొంతు నిలవదని ఆవిడకే తెలుసు.

ఆ శనివారం నేను యథాప్రకారం గుమ్మంలో కాపలా కాస్తుండగా అంకుల్ వచ్చి, "ఆమె నిన్ను పైకి రమ్మంటోంది" అన్నాడు. మైకుకు పాడి పాడి విసుగొచ్చిందట, ఇవాళ ఒక మనిషికి పాడాలనుందట. "ఆ తిన్నగా కూర్చునే అబ్బాయిని పిలువు, కదలడు, మెదలడు అంది" అన్నాడు. మా వెన్నుకు మూడు తరాల్లో అందిన మొదటి ఆహ్వానమది. నేను చొక్కా మార్చుకుని వెళ్ళాను.

గరాజ్‌లో ఒక పాలడబ్బాల ట్రే తిరగేసి నాకు ఆసనం వేశారు. ఆంటీ చుక్కల గౌనులోనే ఉంది, మెడకు మాత్రం ఒక రుమాలు చుట్టుకుంది. "ఊపిరి పీల్చొచ్చు, బాబూ, భయపడకు" అంది. మొదటిసారి గిటార్ ఆయన వేలు జారింది. రెండోసారి ఆవిడకే దగ్గొచ్చింది. గ్లాసుడు వేడినీళ్ళు తాగి, కళ్ళు మూసుకుని, మళ్ళీ మైకు ముందు తన గుర్తు మీద నిలబడింది. మూడోసారి మొదలైంది.

ఇక్కడ ఒక నిజం చెప్పాలి. ఆ గరాజ్‌లో ఉన్నవాళ్ళెవరికీ ఇది చెప్పలేదు. నేను ఆ పాట వినడం లేదు. పొద్దుటినుంచి కుక్కర్ పెట్టలేదు కనక రెండు బ్రెడ్డు ముక్కలతో ఉన్నాను. సాయంత్రం కాఫీ షాపులో నా షిఫ్టు ఉందో తీసేశారో మేనేజరు మెసేజ్ పెడతానన్నాడు. జేబులో ఫోను ఆఫ్ చేసి ఉంది, నా బుర్ర మాత్రం ఆ ఫోనులోనే ఉంది. వీపు నిటారుగా, కళ్ళు ఆంటీ మీద, మనసు కాఫీ షాపులో. ఇంతలో గిటార్ ఆయన ముందుకొచ్చాడు. వేళ్ళు పరిగెత్తాయి, మలుపు మీద మలుపు తిరిగి, తీగ మీద టకటకమని మూడు దెబ్బలు వేసి ముగించాడు. అచ్చం ముక్తాయింపు. ఆ క్షణంలోనే ఆంటీ మైకు ముందుకొచ్చి ఒక స్వరం అందుకుంది. నా చెయ్యి దానంతటది ముందుకు చాచుకుంది. నా నోరు దానంతటది తెరుచుకుంది.

"శభాష్!"

గరాజ్ అంతా మోగింది. గిటార్ ఆయన గీత మీదికి వెళ్తూ వెళ్తూ కొయ్యబారి ఒంటికాలి మీద ఉండిపోయాడు. అంకుల్ కళ్ళు పెద్దవయ్యాయి, చేతులు మాత్రం ఆగలేదు. ఆంటీ కూడా ఆపలేదు. పట్టిన స్వరాన్ని అలాగే పట్టుకుని, చివరి చరణంలోకి వెళ్ళి, పాట పూర్తి చేసింది. అంకుల్ టేపు ఆపి, వెనక్కి తిప్పి వినిపించాడు. పాట అంత బాగా ఇంకెప్పుడూ రాలేదని నాక్కూడా అర్థమైంది. దాని నడినెత్తిన నా శభాష్, దివాణం ఏనుగులా, దిగబడి ఉంది.

"ఇంకొక్కసారి" అంది ఆంటీ. రెండు పంక్తులు పాడింది. మూడో పంక్తికి గొంతు బదులు గాలి వచ్చింది. ఇంకోసారి మొదలుపెట్టింది. మొదటి మాటే రాలేదు. అంకుల్ బేస్‌ను మెల్లగా గోడకు ఆనించి, వెళ్ళి ఆవిడ భుజం మీద చెయ్యి వేశాడు.

అప్పుడు నేను చేయాల్సిన పని ఒక్కటే, క్షమించమని అడగడం. మా ఇంట్లో ఆ మాట ఎవరూ ఎవరికీ చెప్పగా నేను వినలేదు. లేచి, వీపు తిన్నగా పెట్టి, మెట్లు దిగి వచ్చేశాను. ఆ నడక చూస్తే ఎవరైనా నాకే అవమానం జరిగిందనుకుంటారు.

సంగతి విని మా కరీంనగర్ వాడు కుక్కర్ వైపు చూసి, నా వైపు చూశాడు. "కుక్కర్‌కన్నా నువ్వే డేంజర్ ఉన్నవ్ దొరా. దానిది స్టవ్ బంద్ జేస్తె ఊకుంటది. నిన్నెట్ల బంద్ జేసేది?" అన్నాడు. తర్వాత వాడే పైకి వెళ్ళి, బతిమాలి, ఆ పాటను ఫోనులో పట్టుకొచ్చి, లాప్‌టాప్‌లో పెట్టి ఆ ఒక్క మాటా తీసేయడానికి రాత్రి వంట కూడా మానేసి కూర్చున్నాడు. నా మాటా ఆవిడ స్వరమూ ఒకే మైకులో, ఒకే క్షణంలో పడ్డాయి. నాది తీస్తే ఆవిడదీ పోతోంది. "గుంత వడ్తాంది రా" అన్నాడు చివరికి. దొర అనకుండా రా అన్నాడంటే వాడికి నిజంగా జాలేసిందన్నమాట.

ఆదివారమంతా నేను వెనక సందులోంచి రాకపోకలు సాగించాను. సాయంత్రం ఎండ ఇంకా ఉండగానే తలుపు తట్టింది ఆంటీ. మాట్లాడకూడదని డాక్టర్లు చెప్పారు. అయినా మెట్టు మీద కూర్చుని, గొంతు బాగా తగ్గించి, "ఆ మాటకు అర్థమేమిటి?" అంది. చెప్పాను. కచేరీల హాలు గురించి, రేడియో గురించి కూడా చెప్పాను. టైర్ల కొట్టు సంగతి చెప్పలేదు.

"అంటే పాడేవాళ్ళు బాగా పాడితే వినేవాళ్ళు అనాలన్నమాట."

"అనకపోతే మర్యాద కాదండీ."

ఆవిడ కాసేపు మోకాలి మీద గౌను చుక్కలు సవరించుకుంటూ కూర్చుంది. "ముప్ఫై ఏళ్ళనుంచి పాడుతున్నాను. నేను మొదలుపెట్టగానే అందరూ లేచి డ్యాన్స్ చేస్తారు. డ్యాన్స్ కోసమే కదా పాట, తప్పు పట్టడం లేదు. అందరి వీపులూ కనబడతాయి, బూట్లు కనబడతాయి. కూర్చుని విన్నవాణ్ణి మాత్రం నిన్నే చూశాను." తర్వాత నా మొహంలోకి చూసి, "ఎక్కడ నచ్చింది నీకు? ఏ చోట?" అంది.

నిన్న టేపు తిప్పి వినిపించినప్పుడు చెవిన పడిన ఒక్క చోటు గుర్తొచ్చింది. చివరి చరణంలో ఆవిడ గొంతు ఉన్నట్టుండి విరిగి, ఒక్క లిప్తకాలం ఏమీ లేకుండా పోయి, మళ్ళీ అతుక్కుంటుంది. "మీ గొంతు విరిగి మళ్ళీ లేచిన చోటండీ" అన్నాను.

ఆవిడ కళ్ళు చికిలించింది. "అది నువ్వు అరిచిన తర్వాత కదా వచ్చింది?"

నేను వెన్ను ఇంకాస్త తిన్నగా చేశాను. "మా ఇంట్లో మాకు ముందే తెలిసిపోతుందండీ."

ఆవిడ నవ్వింది. నవ్వు దగ్గయింది. దగ్గు తగ్గాక కళ్ళు తుడుచుకుని, నా బుగ్గ మీద రెండు వేళ్ళతో తట్టి, "అది ఉంచేస్తున్నాం" అని, గోడ పట్టుకుని మెట్లెక్కి వెళ్ళిపోయింది. నమ్మిందో లేదో ఈనాటికీ నాకు తెలియదు. నమ్మలేదనే అనిపిస్తుంది. నమ్మినట్టు ఉండాలని మాత్రం ఆవిడ నిర్ణయించుకుందేమో.

ఆపరేషన్ తర్వాత ఆంటీకి మాట వచ్చింది గాని, కాగితం నలిపినట్టు వచ్చింది. పాట రాలేదు. మెట్ల కమ్మీకి ఎర్ర మేజోడు మళ్ళీ వేలాడలేదు. ఎప్పుడు పడితే అప్పుడు కుక్కర్ పెట్టుకోవచ్చని అంకుల్ చెప్పాడు. మాకు చాలా రోజులు పెట్టబుద్ధి కాలేదు, అన్నం విడిగా గిన్నెలో వండుకున్నాం. రికార్డు మాత్రం వేసవిలో వచ్చింది. యూరప్‌లో ఎక్కడో ఒక హాల్లో జనం ఆ పాటకు గిరగిరా తిరుగుతూ, సరిగ్గా ఆ చోటికి రాగానే అందరూ ఒక్కసారి చేతులెత్తి "షబాష్!" అని అరుస్తున్న వీడియో ఎవరో పంపితే, అంకుల్ ఫోను పట్టుకుని మా గదిలోకి పరిగెత్తుకొచ్చాడు. అదేదో పాత అమెరికన్ పల్లె కేక అని వాళ్ళు అనుకుంటున్నారట. "సరిదిద్దొద్దు" అని, ఆయన వెనకాలే వచ్చిన ఆంటీ, గొంతు కాపాడుకోవడానికి వాడే పలక మీద రాసి చూపించింది. ఆ రోజు ఆవిడ భుజాలు కదిలేలా నవ్వింది. నవ్వుకు చప్పుడు లేదు.

నాకు ఉద్యోగం వచ్చి ఇటు ఒంటారియో వచ్చేశాను. రెండో శీతాకాలంలో ఆ జబ్బు తిరగబెట్టి ఆంటీ పోయింది. అంకుల్ మెసేజ్ పెట్టాడు. ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉంది, సెలవు అడగాలి, అడగడం నాకు చేతకాదు. వెళ్ళలేదు. కొన్ని నెలలకు పోస్టులో ఒక రికార్డు వచ్చింది. "ఇది ఆమె దగ్గరుండే కాపీ" అని మాత్రం రాసి ఉంది. నా దగ్గర రికార్డు ప్లేయర్ లేదు. కొనుక్కోవడానికి ఎనిమిదేళ్ళు పట్టింది. ప్లేయర్ దొరక్క కాదు.

మొన్న ఆదివారం మధ్యాహ్నం మొదటిసారి పెట్టాను. మా ఆవిడ వంటింటి బల్ల దగ్గర బీన్స్ తరుగుతోంది. ముల్లు గీతలో పడి గరగరమంది. అంకుల్ బేస్ చరుపులు, దాని మీద ఆంటీ గొంతు, తర్వాత గిటార్, టకటకమని మూడు దెబ్బలు. ఆ వెంటనే ఇరవై నాలుగేళ్ళ కుర్రాడొకడు, ప్రపంచమంతా తన పూర్వీకుల హాలే అన్నంత ధీమాగా, "శభాష్!" అన్నాడు. ఆ మాట కింద ఆంటీ స్వరం ఆగకుండా సాగుతూనే ఉంది, కాస్త జరిగి వాడికీ చోటిచ్చినట్టు. తర్వాత చివరి చరణం. గొంతు విరిగింది. ఏమీ లేని ఆ లిప్తకాలం రికార్డు మీద చాలా పొడుగ్గా ఉంది. ఎల్లుండి ఏం జరగబోతోందో ఆవిడకు తెలుసని అక్కడ వినబడుతోంది. మళ్ళీ లేచింది. నేను సోఫాలో ఉన్నాను, సగం కూరుకుపోయి ఉన్నాను. నా గొంతు నాకే వినపడనంత మెల్లగా "శభాష్" అన్నాను.

"ఇందాకే అన్నారుగా రికార్డులో?" అంది మా ఆవిడ, తల ఎత్తకుండానే.

"అప్పుడు తొందరపడ్డాను."

కత్తి ఆగింది. ఎవరు, ఏమిటి అని అడగలేదు. చేతులు తువ్వాలుకు తుడుచుకుంటూ వచ్చి నా పక్కన కూర్చుని, "మళ్ళీ పెట్టండి, నేనూ వింటాను" అంది.

ముల్లు మళ్ళీ మొదటికి పెట్టాను. ఆ కుర్రాడు మళ్ళీ అదే చోట, అంతే గట్టిగా తొందరపడ్డాడు. ఈసారి వాణ్ణి ఏమీ అనబుద్ధి కాలేదు.